పొలానికి కరువైన నత్రజని బోరు నీటిలో చేరుతున్నది

దేవరుప్పుల: 2025 వానాకాలంలో యూరియా బస్తా కోసం తెలంగాణ జిల్లాల్లో రైతులు తెల్లవారుజాము నుండే సొసైటీల ముందు బారులు తీరారు. వరుసలో చెప్పులు, పాసు పుస్తకాలు పెట్టి చెట్టు నీడన కూర్చున్న రైతుల ఫొటోలు ఆ రోజుల్లో పత్రికలన్నిటిలోనూ వచ్చాయి. 266 రూపాయల 50 పైసల ఆ బస్తాలో వున్న అసలు సరుకు నత్రజని. 45 కిలోల బస్తాలో నత్రజని 20 కిలోల పైచిలుకు మాత్రమే. దాని కోసమే రైతు రెండు మూడు రోజులు పని మానుకొని పడిగాపులు పడ్డాడు.

ఇదే నత్రజని ప్రతి ఊళ్ళోనూ ఏ చిట్టీ లేకుండా, ఏ వరుసా లేకుండా నేలలోకి దిగిపోతున్నది. తిన్న అన్నంలో, పప్పులో వున్న నత్రజని పెద్దవారి శరీరంలో నిలువ వుండదు. దాదాపు అంతా మలమూత్రాలలో బయటికి వస్తుంది, అందులోనూ ఎక్కువ భాగం మూత్రంలోనే. మన దేశపు తిండి అలవాట్లను బట్టి మనిషికి ఏడాదికి 2.7 కిలోల నత్రజని ఈ విధంగా వస్తుందని నిపుణుల అంచనా. వెయ్యి మంది జనాభా వున్న ఊరికి లెక్క కట్టితే 2,700 కిలోలు, అంటే సుమారు 130 బస్తాల యూరియాలో వుండేంత నత్రజని. పశువుల పేడ, మూత్రం లెక్క ఇందులో చేరలేదు.

పూర్వం మనుషులు చెలకల్లోకి వెళ్ళేవారు. అది ఆరోగ్యానికి కీడు, ఆడవారికి అవమానం. ఆ పద్ధతి పోవలసిందే, పోయింది కూడా. 2014 అక్టోబరు 2న మొదలైన స్వచ్ఛ భారత్ కింద పల్లెల్లో ఇంటింటికీ మరుగుదొడ్డి వచ్చింది. కాని దొడ్డి కట్టినప్పుడు గోడ, తలుపు, రేకు సంగతి చూసినంతగా కింద గుంట సంగతి ఎవరూ చూడలేదు. ఇంటి వెనుక గుంట, ఇంటి ముందు బోరు. రెంటికీ మధ్య ఎన్ని అడుగులు వున్నాయో టేపు పెట్టి కొలిచిన ఇల్లు అరుదు.

మట్టి పట్టని సరుకు

గుంటలోని నత్రజని మొదట అమ్మోనియా రూపంలో వుంటుంది. మరుగుదొడ్డి దగ్గర, గేదెల కొట్టం దగ్గర ముక్కు పగిలే ఘాటు వాసన దానిదే. ఆ రూపంలో వున్నంత కాలం బంక మట్టి దానిని చాలావరకు పట్టి వుంచుతుంది. గుంట కింది నేలలో గాలి ఆడే చోట వుండే బాక్టీరియా దానిని నైట్రేట్‌గా మార్చుతుంది. నైట్రేట్‌ను మట్టి పట్టుకోలేదు. ఉప్పు కరిగినట్లు నీళ్ళలో కరిగి, నీళ్ళు ఎంత లోతుకు పోతే అంత లోతుకు పోతుంది. జనగామ ప్రాంతమంతా గ్రానైటు, నైసు రాతి నేల. పైన కొద్ది మందాన మొరం, దాని కింద పగుళ్ళు పడిన రాయి. బోరుకు నీరు వచ్చేది ఆ పగుళ్ళ నుండే. గుంట నీరు కూడా ఆ పగులునే పట్టుకొంటే ఇసుక నేలలో జరిగినంత వడపోత సైతం జరగదు.

పొలంలో మొక్క తీసుకోకుండా మిగిలిన యూరియా కూడా చివరకు ఇదే దారి పడుతుంది. బోరు పక్కనే పోసిన పెంటకుప్ప మీద వాన పడితే దిగే ఎర్రని ఊట కూడా అంతే. కనుక తప్పంతా మరుగుదొడ్డిదే అనడం సరి కాదు. ఊరి నడుమ బోర్లకు గుంటలు, ఊరి బయట బోర్లకు ఎరువులు ముఖ్య కారణం అనుకోవచ్చు.

తాగే నీటిలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటరాదని భారతీయ ప్రమాణాల సంస్థ నిబంధన. వేరే నీరు దొరకని చోట కొన్ని ఖనిజాలకు కాస్త సడలింపు వున్నది కాని నైట్రేట్‌కు ఏ సడలింపూ లేదు. కేంద్ర భూగర్భ జల మండలి 2024లో వెలువరించిన నివేదిక ప్రకారం దేశంలో పరీక్షించిన నమూనాలలో నూటికి 20 దాకా ఈ హద్దు దాటాయి. తెలంగాణలో నూటికి 27 దాటాయి. ఎక్కువ నైట్రేట్ కనిపించిన జిల్లాలు దేశం మొత్తం మీద 2017లో 359 వుండగా 2023 నాటికి 440 అయ్యాయి. నల్లగొండ సరిహద్దున వున్న ఈ ప్రాంతానికి ఫ్లోరైడ్ సంగతి తెలుసు. గారపళ్ళు, వంగిన కాళ్ళు కంటికి కనిపిస్తాయి గనుక దానికి పేరు వచ్చింది. నైట్రేట్‌కు రంగు లేదు, వాసన లేదు, రుచి తేడా తెలియదు.

కాచినా పోదు

నీళ్ళు కాచి తాగితే రోగాలు రావని ఊరంతా నమ్ముతుంది. కలరా, విరేచనాల విషయంలో ఆ మాట నిజమే. నైట్రేట్ విషయంలో మాత్రం ఇది తలకిందులు. కాచినకొద్దీ నీరు ఆవిరై పోతుంది, నైట్రేట్ అడుగున మిగిలి మరింత చిక్కబడుతుంది. బట్టతో వడకట్టినా, బ్లీచింగు పొడి చల్లినా అది పోదు.

ఎక్కువ ముప్పు ఆరు నెలల లోపు పసికందుకు. తల్లిపాలు చాలక డబ్బా పాలు కలిపి పట్టే ఇళ్ళలో ఆ పాలు కలిపేది బోరు నీళ్ళతోనే. పసిబిడ్డ కడుపులో నైట్రేట్ నైట్రైట్‌గా మారి నెత్తురులో కలిసి, నెత్తురు ప్రాణవాయువును మోయలేకుండా చేస్తుంది. బిడ్డ పెదవులు, గోళ్ళు నీలం తిరుగుతాయి. 1945లో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో హంటర్ కామ్లీ అనే డాక్టరు పల్లె బావుల నీటికీ ఈ జబ్బుకూ వున్న సంబంధాన్ని మొదట బయట పెట్టాడు. ఆ బావులు కూడా పశువుల కొట్టాల పక్కన, దొడ్ల పక్కన తవ్వినవే. తల్లి ఆ నీరు తాగినా ఆమె పాలలోకి నైట్రేట్ అంతగా దిగదు. తల్లిపాలు తాగే బిడ్డకు ఈ భయం చాలావరకు లేనట్లే.

గొర్రెలు, మేకలు, పశువుల సంగతీ చూడవలసి వున్నది. నెమరు వేసే జంతువుల పొట్టలోని బాక్టీరియా నైట్రేట్‌ను త్వరగా నైట్రైట్‌గా మార్చుతుంది. నైట్రేట్ బాగా ఎక్కువగా వున్న నీరు, దానికి తోడు ఎక్కువ యూరియా చల్లిన పచ్చి గడ్డి ఒకే రోజు పడితే మంద కూలిపోయే ప్రమాదం వున్నది. కురుమ, గొల్ల కుటుంబాలు ఎక్కువగా వున్న ఈ ప్రాంతంలో ఇది చిన్న విషయం కాదు.

పట్నంలో బాక్టీరియా పని

నైట్రేట్‌ను చేసే బాక్టీరియా వున్నట్లే దానిని విరిచేసే బాక్టీరియా కూడా వున్నది. పట్నాల మురుగు శుద్ధి కేంద్రాలు చేసేదల్లా ఈ రెండు జాతులకూ వేర్వేరు తొట్లలో తిండి, గాలి సమకూర్చడమే. మొదటి జాతిని 1890 ప్రాంతంలో రష్యా శాస్త్రజ్ఞుడు సెర్గీ వినోగ్రాడ్‌స్కీ వేరు చేసి చూపించాడు. దానికి గాలి కావాలి. మురుగులోకి పంపులతో గాలి కొడితే అమ్మోనియాను ముందు నైట్రైట్‌గా, తరువాత నైట్రేట్‌గా మార్చుతుంది. రెండవ జాతికి గాలి ఆడని తొట్టి కావాలి. అక్కడ ఊపిరికి గాలి దొరకక అది నైట్రేట్‌లోని ప్రాణవాయువునే లాక్కొంటుంది. మిగిలిన నత్రజని బుడగలై పైకి లేచి గాలిలో కలుస్తుంది. మనం పీల్చే గాలిలో నూటికి 78 పాళ్ళు నత్రజనే కనుక అక్కడ దానివల్ల ఏ హానీ లేదు. అయితే ఈ రెండవ జాతికి తిండిగా మురుగులోని మకిలి కొంత మిగిలి వుండాలి. అది చాలకపోతే పని సగంలో ఆగుతుంది.

చిక్కు మొదటి జాతితోనే. మురుగును తినే మామూలు బాక్టీరియా అరగంటలో రెట్టింపు కాగలదు. నైట్రేట్ చేసే ఈ జాతి రెట్టింపు కావడానికి రోజు, ఒక్కోసారి అంతకంటె ఎక్కువ పడుతుంది. 1914లో మాంచెస్టరులో మొదలైన పాత పద్ధతిలో బాక్టీరియాను తొట్టి అడుగున పేరుకోనిచ్చి పైనీరు వదులుతారు. సరిగ్గా పేరుకోని రోజున మందకొడిగా పెరిగే ఈ జాతి నీటితో పాటు కొట్టుకుపోతుంది. మళ్ళీ మంద పెరిగేదాకా అమ్మోనియా అమ్మోనియాగానే బయటికి పోతుంది.

దీనికి విరుగుడుగా వచ్చినదే పొరల తొట్టి. బాక్టీరియా వున్న తొట్టిలోనే సన్నని గొట్టాలు, పలకల రూపంలో జల్లెడ పొరలు దించి, వాటి గుండా నీటిని పీల్చుతారు. పొరలను తొట్టిలోనే ముంచే ఈ పద్ధతిని 1989లో జపాన్ పరిశోధకులు ప్రయోగించి చూపారు. ఆ పొర రంధ్రం తల వెంట్రుక మందంలో కొన్ని వందల వంతుల్లో ఒక వంతు. బాక్టీరియా అందులో దూరలేదు. నీరు బయటికి పోతుంది, మంద మందంతా లోపలే వుంటుంది. కొట్టం తలుపు వేసిన తరువాత దూడ ఎంత నెమ్మదిగా పెరిగినా పారిపోయే భయం లేదు కదా.

ఇక్కడ ఒక సంగతి గ్రహించాలి. ఈ పొర నైట్రేట్‌ను వడకట్టదు. నీటిలో కరిగిన నైట్రేట్ దాని గుండా సులభంగా దాటిపోతుంది. నైట్రేట్‌ను తీసేది బాక్టీరియా, బాక్టీరియాను కాపాడేది పొర. ఊళ్ళలో ఇరవై లీటర్ల డబ్బా నీళ్ళు అమ్మే ఆర్.ఓ. ప్లాంటు పొర వేరు. అది కరిగిన ఖనిజాలను కూడా ఆపుతుంది. కాని ఆపినదంతా వ్యర్థపు నీటిలో మరింత చిక్కబడి బయటికి వస్తుంది. ఆ నీటిని ప్లాంటు పక్క మోరీలోకి వదిలితే, ఇంకి మళ్ళీ అదే బోరులోకి చేరుతుంది. ఆర్.ఓ. నైట్రేట్‌ను చోటు మార్చుతుందే తప్ప లేకుండా చేయదు. బాక్టీరియా మాత్రమే లేకుండా చేస్తుంది.

ఖర్చు మాటకు వస్తే, పొరల తొట్టిలో వెయ్యి లీటర్ల మురుగుకు సుమారు అర యూనిట్ నుండి ఒక యూనిట్ వరకు కరెంటు కావాలి. పొరలకు జిగురు పట్టకుండా కింద నుండి ఎడతెగక గాలి కొట్టాలి, మధ్య మధ్య మందు నీళ్ళతో కడగాలి, కొన్నేళ్ళకు కొత్తవి వేయాలి. కరెంటు పోయి గాలి ఆగితే బాక్టీరియా ఊపిరాడక సొమ్మసిల్లుతుంది. పట్నంలో స్థలం కరువు, డబ్బు వున్నది గనుక పెద్ద అపార్టుమెంట్లు, ఆఫీసుల ఆవరణలు ఈ పద్ధతిని ఎంచుకొంటున్నాయి. పల్లెకు దీనిని తెస్తామని ఎవరైనా అంటే మొదట అడగవలసిన ప్రశ్న మోటారు కాలితే బాగు చేయించేది ఎవరు అన్నదే. నీళ్ళ ట్యాంకు మోటారు కాలితేనే వారం పది రోజులు పట్టే ఊళ్ళు వున్నాయి.

మూసీ లెక్క

దేవరుప్పుల మీదుగా పోయే రోడ్డు తిరుమలగిరి దాటి సూర్యాపేట చేరుతుంది. సూర్యాపేట దగ్గర మూసీ ప్రాజెక్టు కింద వరి పండించే రైతుల్లో ఈ మండలం వారికి చుట్టాలు వున్నారు. వారి పొలాలకు వచ్చే నీటిలో హైదరాబాద్ మురుగు పాలు ఎంతో చెప్పనక్కర లేదు. 2021లో 31 కొత్త శుద్ధి కేంద్రాలకు 3,866 కోట్ల రూపాయలు మంజూరు చేసిన నాటికి హైదరాబాద్ మహానగర పరిధిలో రోజుకు 1,650 మిలియన్ లీటర్ల మురుగు వస్తుండగా, శుద్ధి అవుతున్నది 772 మిలియన్ లీటర్లు, అంటే సగం కూడా కాదు. శుద్ధి అయిన దానిలోనూ అంబర్‌పేట వంటి పాత కేంద్రం గాలి లేని పద్ధతిలో నడిచేది. ఆ పద్ధతి మకిలిని తగ్గిస్తుంది కాని అమ్మోనియాను ముట్టుకోదు. కొత్త కేంద్రాలు ఒకే తొట్టిలో కాసేపు గాలి కొట్టి, కాసేపు ఆపే పద్ధతివి. అందులో నత్రజని కూడా తగ్గుతుంది. 2023 నుండి ఒక్కొక్కటిగా ఇవి నడకలోకి వస్తున్నాయి. మహానగరాల శుద్ధి నీటిలో మొత్తం నత్రజని లీటరుకు 10 మిల్లీగ్రాములు మించరాదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019 ఏప్రిల్ 30న ఉత్తరువు ఇచ్చింది. అంతకు ముందు 2017లో కేంద్రం ప్రకటించిన ప్రమాణాలలో నత్రజనికి హద్దే లేకపోయింది.

నత్రజని పంటకు బలమే కదా, తీసేయడం ఎందుకని రైతు అడగవచ్చు. లెక్క వేసి చూస్తే సంగతి తెలుస్తుంది. ఎకరం వరికి నాటు నుండి కోత దాకా సుమారు 48 లక్షల లీటర్ల నీరు పడుతుంది. శుద్ధి చేయని మురుగులో లీటరుకు 40 మిల్లీగ్రాముల నత్రజని వుంటుందనుకొంటే, ఆ నీటితోనే పండించిన ఎకరానికి 190 కిలోల పైచిలుకు నత్రజని చేరుతుంది. తొమ్మిది బస్తాల యూరియాతో సమానం. వరికి కావలసింది రెండు బస్తాలకు కాస్త ఎక్కువ. మిగిలినదంతా పైరును ఆకు మేరకు పెంచి, పడగొట్టి, అగ్గితెగులును, సుడిదోమను పిలిచి కూర్చోబెడుతుంది. సూర్యాపేట చేరేసరికి వాన నీరు, వాగుల నీరు కలిసి మురుగు పలుచబడుతుంది గనుక అక్కడ ఇంత వుండదు. హైదరాబాద్‌కు ఆనుకొని వున్న ఊళ్ళ రైతులు వరి మాని గడ్డి పెంచి పాడి వారికి అమ్ముకోవడానికి ఇదీ ఒక కారణం. ఆ గడ్డికి ఎంత నత్రజని అయినా సరిపోతుంది.

మూసీ మీద నిజాం కాలం నుండి వున్న కత్వలు కూడా కొంత మేలు చేస్తున్నాయి. కత్వ వెనుక నీరు నిలిచి మకిలి అడుగున పేరుకొంటుంది. పట్నం దాటిన సుమారు 40 కిలోమీటర్లలోనే మురికి, రోగక్రిములు, నులిపురుగుల గుడ్లు బాగా తగ్గుతున్నాయని అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థ పరిశోధకులు కొలిచి చెప్పారు. యంత్రం లేదు, కరెంటు లేదు. ఈ మాట పల్లెలకు పనికి వస్తుంది.

జమ్ము చేసే పని

పటాన్‌చెరువు దగ్గర ఇక్రిశాట్ ఆవరణలో మురుగు నీటిని జమ్ము, మెట్టతామర వంటి మొక్కలు నాటిన మడుగుల గుండా పారించి, శుద్ధి అయిన నీటితో పంటలు పండించే ప్రయోగాలు జరిగాయి. పొరల తొట్టిలో జరిగే పనే అక్కడా జరుగుతుంది. జమ్ము వేరు బురదలోకి కొద్దిగా గాలిని దించుతుంది. ఆ వేరు చుట్టూ గాలి కావలసిన బాక్టీరియా, రెండు వేళ్ళ అవతల గాలి అక్కరలేని బాక్టీరియా కాపురం చేస్తాయి. నిదానంగా జరుగుతుంది, చోటు ఎక్కువ పడుతుంది. పల్లెలో చోటుకు కరువు లేదు. ఊరి మోరీల నీరు చివరకు చేరే కుంట దగ్గర నాలుగైదు గుంటల స్థలం చాలా ఊళ్ళలో దొరుకుతుంది. నీరు నిలిచిపోకుండా పారుతూ వుండాలి, ఏడాదికోసారి జమ్ము కోయాలి. లేకపోతే అది దోమల గుంట అవుతుంది. ఉపాధి హామీ కూలీలతో కాగల పని ఇది.

మరుగుదొడ్డికి మాత్రం వేరే దారి వున్నది. రెండు గుంటల పద్ధతిలో ఒకటి నిండినాక దానిని మూసి, రెండవది వాడుకోవాలి. మూసిన గుంటను ఏడాదిన్నర నుండి రెండేళ్ళు వదిలితే లోపలిది వాసన లేని నల్లటి ఎరువు అవుతుంది. చెలకకు తోలుకోవచ్చు. చాలా ఇళ్ళలో రెండవ గుంట తవ్వలేదు, తవ్విన చోట రెండు గొట్టాలూ ఒకేసారి తెరిచి వుంచారు. ఒకటే లోతైన గుంట కట్టి సిమెంటు వరలు దించుకొన్నవారు ఎక్కువ. లోతు ఎక్కువైతే త్వరగా నిండదని వారి లెక్క. కాని లోతు పెరిగినకొద్దీ గుంట అడుగుకు, నీటి మట్టానికి మధ్య మట్టి తగ్గుతుంది. నీటి మట్టానికి కనీసం ఆరున్నర అడుగుల పైన గుంట అడుగు వుండాలి. బోరుకు ముప్పై అడుగుల దూరం అనేది కనీసం, రాతి నేలలో అంతకంటె ఎంత ఎక్కువైతే అంత మంచిది. బోరు గొట్టం చుట్టూ సిమెంటు దిమ్మె లేని చోట పై నీరు కేసింగు పక్క నుండే దిగుతుంది. ఆ దిమ్మెకు పడే ఖర్చు పెద్దది కాదు.

గుంట నిండితే ట్యాంకరు వచ్చి తోడుకు పోతుంది. అది ఎక్కడ పారబోస్తున్నదో అడిగే ఇంటి యజమాని లేడు. వరంగల్‌లో అమ్మవారిపేట వద్ద 2017లో రోజుకు 15,000 లీటర్ల మల వ్యర్థాన్ని శుద్ధి చేసే కేంద్రం పెట్టారు. పల్లె ట్యాంకరు అంత దూరం పోతే డీజిలు ఖర్చే రాదు. దగ్గరలోని పట్టణ కేంద్రంతో గ్రామ పంచాయతీలు ఒప్పందం చేసుకొని, ట్యాంకరు యజమాని నుండి అక్కడి రసీదు అడిగే పద్ధతి పెట్టితే వాగులో పారబోయడం ఆగుతుంది.

భగీరథ నల్లా వచ్చిన తరువాత బోరు నీళ్ళు ఎవరు తాగుతున్నారని ప్రశ్నించేవారు వున్నారు. పైపు పగిలిన రోజున, మరమ్మతు అని నీరు ఆపిన వారంలో, పొలం దగ్గర కూలీలు తాగేది బోరు నీళ్ళే. గొర్రెల మంద తాగేది ఎప్పుడూ బోరు నీళ్ళే. ప్రతి తాగునీటి బోరుకు ఏడాదికి రెండుసార్లు, ఎండాకాలం చివర ఒకసారి, వానలు పడిన తరువాత ఒకసారి నైట్రేట్ పరీక్ష చేయించాలి. తొలకరి వానలు ఏడాది పొడుగునా నేలలో పేరుకొన్న నైట్రేట్‌ను ఒక్క ఊపున కిందికి దించుతాయి గనుక రెండవ పరీక్ష తప్పనిసరి. గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలకు శుభ్రమైన సీసాలో నీరు పంపితే చాలు. వచ్చిన అంకెను బోరు దిమ్మె మీద రంగుతో రాయించడానికి పంచాయతీకి పెద్దగా ఖర్చు కాదు.

హద్దు దాటిన బోరును పూడ్చనక్కర లేదు. లీటరుకు 90 మిల్లీగ్రాముల నైట్రేట్ వున్న బోరు పది లక్షల లీటర్ల నీరు పోసిందంటే పొలానికి 20 కిలోల నత్రజని, అంటే ఒక యూరియా బస్తా పోసినట్లే. వరి మడిలో నీరు నిలిచినప్పుడు బురదలోని బాక్టీరియా అందులో చాలా భాగం గాలిలోకి వదిలేస్తుంది గనుక ఈ లాభం అక్కడ అంతగా దక్కదు. మిరప, కూరగాయలు, మక్కజొన్న వంటి ఆరుతడి పంటలకు దక్కుతుంది. బోరు అంకె తెలిసిన రైతు ఆ పంటకు వ్యవసాయ విస్తరణ అధికారిని అడిగి ఒక బస్తా తగ్గించుకోవచ్చు.